రోజుకో తప్పు

ఆ రోజుల్లో పెద్దవాళ్ళ తప్పు వాళ్ళ ముఖం మీద చెప్పకపోవడం మాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పని చదువు. కూరలో ఉప్పెక్కువ వేసిన పెద్దమ్మతో "బాగుందండీ" అని మారు వడ్డించుకుని తినేవాళ్ళం. అరుగు మీది పెద్దాయన దారి తప్పు చెబితే, ఆయన లోపలికి వెళ్ళేదాకా ఆ తప్పుదారినే నడిచి, తర్వాత వెనక్కి తిరిగేవాళ్ళం. (ఇప్పటి పిల్లల్లో ఆ మర్యాద లేదని మావాళ్ళు తెగ బాధపడుతుంటారు. నాకంత నమ్మకం లేదు. ఎందుకో చివర్లో చెబుతాను.) ఈ అలవాటు వల్ల కాస్త ఉప్పు తినడం తప్ప నాకు పెద్దగా నష్టమేమీ జరగలేదు. ఒక్కసారి మాత్రం నన్ను బి.ఎడ్. కాలేజీ గుమ్మం దాకా తీసుకెళ్ళింది.

మా నాన్నగారికి తాడేపల్లిగూడెంలో మోటారు సామాన్ల కొట్టు ఉండేది. బేరింగులు, బెల్టులు, ఆయిల్ సీళ్ళు అమ్మేవారు. డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఖాళీగా ఉన్న నేను కొట్లో కూర్చుంటానంటే సరేనన్నారు. కొట్టు ముందు ఓ బల్ల వేసుకుని మోటార్లు రిపేరు చేస్తానంటే మాత్రం ససేమిరా అన్నారు. "ఆడపిల్ల మోటారు విప్పుతుందని నమ్ముతారమ్మా, మళ్ళీ బిగిస్తుందనే ఎవరూ నమ్మరు" అన్నది ఆయన వాదన. రెండు రోజులు నేను అన్నం మానేసి (అంటే ఇంట్లో మానేసి) కూర్చుంటే చివరికి ఓ ఒప్పందానికి వచ్చారు. "నీకు పని వచ్చని ఎవరైనా సంతకం పెట్టి సర్టిఫికెట్టు ఇస్తే, బల్ల నేనే చేయిస్తాను, అదీ టేకుతో. లేదంటే బుద్ధిగా బి.ఎడ్.లో చేరాలి. సరేనా?" సరేనన్నాను. పిల్లలకి పాఠాలు చెప్పడమంటే నాకు ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుండేది.

సరిగ్గా అప్పుడే ఏలూరులో ఏరియేటర్ల మరమ్మతులో ఉచిత శిక్షణ అని తెలిసింది. చెరువులో నీళ్ళని రెక్కలతో చిలికి చేపలకీ రొయ్యలకీ గాలి అందించే యంత్రం ఏరియేటరు. కొల్లేరు చుట్టుపక్కల చెరువున్న ప్రతి ఊళ్ళోనూ ఇవి తిరుగుతుంటాయి, మధ్యమధ్య ఆగిపోతుంటాయి కూడా. శిక్షణ ఇప్పిస్తున్నది ఓ విదేశీ ధర్మసంస్థ. వాళ్ళ దేశంలో సంగీత కచేరీలూ చిత్రప్రదర్శనలూ జరిపిస్తుందట, ఆ చేత్తోనే నాలుగైదు దేశాల్లో కుర్రకారుకి చేతిపనులూ నేర్పిస్తుందట. అందుకని మా బ్యానరు మీద ఒక పక్క వయొలిన్, ఇంకో పక్క మోటారు బొమ్మ ఉండేవి. మూఢం రోజులు కావడంతో క్లాసులకి ఓ కల్యాణమండపం చవగ్గా దొరికింది. భోజనాల బల్లల మీద మోటార్లు వరసగా పెట్టి పని నేర్పేవారు. బయట వయొలిన్ బొమ్మ చూసి ఇదేదో కొత్తరకం పెళ్ళిమేళం అనుకుని, వచ్చే ముహూర్తాలకి ఎంత తీసుకుంటారని అడిగిపోయినవాళ్ళూ ఉన్నారు.

మాకు పని నేర్పడానికి ఆ దేశం నుంచి వచ్చినాయన బాగా పొడుగు. ఆయన పేరు మాకెవరికీ నోరు తిరగలేదు, అందుకని పొడుగాయన అనే పిలుచుకునేవాళ్ళం. ఆయన యాసలో ఇంగ్లీషు మాకు బొత్తిగా అందేది కాదు, దాన్ని తెలుగులో చెప్పడానికి రిటైరైన ఓ ఇంగ్లీషు మేష్టారిని పెట్టారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు, ఎవరి మనసూ నొప్పించని మాట. మొదటిరోజు పొడుగాయన చేతులూపుతూ పది నిమిషాలు మాట్లాడారు. మధ్యలో వేలెత్తి మమ్మల్నందర్నీ చూపించారు, తర్వాత తన కళ్ళు చూపించుకున్నారు. మేష్టారు శ్రద్ధగా విని, గొంతు సవరించుకుని మాతో అన్నారు: "తన పనిలో తప్పులేవైనా దొర్లితే పెద్దమనసుతో మన్నించమంటున్నారు." మేమంతా కరిగిపోయాం. అంత దూరం నుంచి వచ్చిన మనిషి, మన సభల్లో పెద్దలు మాట్లాడినట్టే ఎంత వినయంగా మాట్లాడారో అనుకున్నాం.

ఆ రోజే ఆయన మోటారుకి వైర్లన్నీ కలిపి, ఎర్త్ వైరు మాత్రం అలాగే వేలాడుతుండగా మూత బిగించేశారు. బిగించి, నడుం మీద చేతులు పెట్టుకుని మావైపు చూస్తూ నిలబడ్డారు. మేమూ గౌరవంగా ఆయన వైపు చూశాం. "ఓకే?" అన్నారు. "బాగుందండీ" అన్నాం అందరం. ఆయన మరికాసేపు చూసి, నిట్టూర్చి భోజనానికి వెళ్ళారు. ఆయన మెట్లు దిగారో లేదో, నా పక్క బల్ల దగ్గరున్న కైకలూరు అన్నయ్య (చేపల చెరువు మీద కాపలా పని చేసేవారు, మా అందరికన్నా వయసులో పెద్ద) మెల్లిగా అడిగారు.

"ఏమ్మా, ఎర్త్ వైరు మర్చిపోయినట్టున్నారు?"

"నేనూ చూశానండీ."

"పాపం, ప్రయాణం బడలిక. మన్నించమని ముందే అన్నారుగా."

మన్నించాం. మన్నించి, ఆయన వచ్చేలోగా మూత విప్పి, వైరు కలిపి మళ్ళీ బిగించాం.

మర్నాడు ఇంకో తప్పు చేశారు. ఆ మర్నాడు మరొకటి. ఒకరోజు రెక్కల చక్రాన్ని తిరగేసి బిగించారు, ఒకరోజు బోల్టు కింద వాషరు వేయలేదు. ఆయన అటు వెళ్ళగానే మేమిటు సరిచేసేవాళ్ళం. (నిజం చెప్పాలంటే మాకు పని వచ్చింది అలాగే. ఆయన చేసింది చూసి నేర్చుకున్నది తక్కువ, ఆయన చేసింది విప్పి నేర్చుకున్నది ఎక్కువ.) పొడుగాయనకి పని రాదని మేం ఓ నిర్ణయానికి వచ్చేశాం, కానీ ఆయన మంచితనం చూసి మాకు ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. ఇంటిదగ్గర ఏం ఇబ్బందులున్నాయో, ఈ సంగతి సంస్థవాళ్ళకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుందేమో అని బెంగపడేవాళ్ళం. ఓ మంగళవారం నాడైతే వాషరు మర్చిపోవడమే కాక, నూనె కారకుండా ఆపే ఆయిల్ సీలు కూడా వెనక్కి తిప్పి పెట్టారు. "ఇవాళ మరీ రెండమ్మా" అని కైకలూరు అన్నయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశారు.

రానురాను పొడుగాయన చిక్కిపోయారు. భోజనం చేసి వచ్చి, పొద్దున తను బిగించిన మూత విప్పి లోపలికి తొంగిచూసేవారు. తర్వాత తన చేతులకేసి చూసుకునేవారు, తల గోక్కునేవారు. మా జాలి ఇంకా పెరిగింది.

పరీక్షకి వారం ముందు ఆయన మేష్టారితో గట్టిగా ఏదో అన్నారు. మేష్టారు మావైపు తిరిగి "మీరంతా బుద్ధిమంతులంటున్నారు" అన్నారు. కానీ "నో సర్టిఫికెట్" అన్న ముక్కకి తర్జుమా అక్కర్లేదు కదా. సాయంత్రం మేష్టారు గొడుగు తీసుకుని వెళుతుంటే వెంటపడ్డాను.

"మేష్టారూ, నిజం చెప్పండి. ఏమన్నారండీ?"

ఆయన గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. "ఈ బ్యాచ్‌లో ఒక్కరి కళ్ళూ పని మీద లేవంటున్నాడమ్మా. పరీక్షనాడు సంస్థ మేడంగారి ఎదుట ఆఖరిసారి చేసి చూపిస్తాడట. అప్పుడూ ఇంతే అయితే ఎవరికీ సర్టిఫికెట్టు ఇవ్వడట."

ఆ పూట గూడెం దాకా రైల్లో కిటికీ పక్కన కూర్చుని బి.ఎడ్. గురించే ఆలోచించాను.

పరీక్షనాడు సంస్థ నుంచి ఓ పెద్దావిడ వచ్చారు. మండపంలో మంచి కుర్చీలంటే వేదిక మీదున్న ఎర్ర మఖమల్ సింహాసనాలే, అందుకని ఆవిణ్ణి పెళ్ళికూతురి కుర్చీలో, మేష్టారిని పెళ్ళికొడుకు కుర్చీలో కూర్చోబెట్టారు. మేష్టారు సిగ్గుతో తలెత్తలేదు. పొడుగాయన కింద, సంస్థ కానుకగా ఇచ్చిన సరికొత్త ఏరియేటరు బిగిస్తున్నారు. అన్నీ బిగించి, గేరుబాక్సులో ఒక్క చుక్క ఆయిల్ పోయకుండా మూత పెట్టేసి, స్విచ్చి మీద చెయ్యి పెట్టారు. మా అందరి పైప్రాణాలూ పైనే పోయాయి. మిగతా రోజుల్లా తర్వాత సరిచేద్దామంటే కుదరదు, ఆయిల్ లేకుండా తిప్పితే ఆ పళ్ళచక్రాలు అరిగి పొడైపోతాయి.

కైకలూరు అన్నయ్య మెల్లిగా వెనక్కి జరిగి మెయిన్ స్విచ్చి ఆపేశారు. "కరెంటు పోయిందండీ, ఈలోగా టీ తాగుదాం" అన్నారు, అదేదో ఇప్పుడే గమనించినట్టు. కానీ అది కల్యాణమండపం, తాళి కట్టేవేళ కరెంటు పోతే ఊరుకుంటారా! అలవాటు కొద్దీ వాచ్‌మన్ క్షణాల్లో జనరేటరు వేసేశాడు. పొడుగాయన చెయ్యి మళ్ళీ స్విచ్చి మీదకి వెళ్ళింది. నాకు టేకు బల్ల ఒకసారి, నల్లబల్ల ఒకసారి కళ్ళముందు కనబడ్డాయి.

"ఏవండీ," అన్నాను మెల్లిగా. "మరోలా అనుకోకపోతే... ఆ గేరుబాక్సుకి కాస్త దాహంగా ఉన్నట్టుందండీ."

మేష్టారు సింహాసనం మీంచి తర్జుమా చేశారు. అందులో నాకు వినపడ్డ మాట "టీ" ఒక్కటే. పొడుగాయన వద్దన్నట్టు తలూపారు. ఇక లాభం లేదని ఆయిల్ డబ్బా తీసుకెళ్ళి ఆయన చేతికీ స్విచ్చికీ మధ్య పెట్టాను. "ఆయిల్ పోయలేదండీ మీరు. తప్పు చేశారు" అనేశాను. గురువుగారిని, అందులోనూ అంత పొడుగు మనిషిని, తప్పు చేశారన్నాను. మేష్టారు కళ్ళు మూసుకున్నారు.

పొడుగాయన ఒక్క గెంతు గెంతారు. నా రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తూ, వాళ్ళ భాషా ఇంగ్లీషూ కలిపి అరుస్తూ, మధ్యలో కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు మాట్లాడారు. వింటున్నకొద్దీ మేష్టారి ముఖం పాలిపోయింది. చివరికి లేచి నిలబడి, జీవితంలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పారు. "మొదటిరోజు ఈయన చెప్పింది, రోజుకో తప్పు కావాలనే చేస్తాను, మీరు పట్టుకోవాలి అనట. నేను మన మర్యాద ప్రకారం అన్నారనుకున్నాను. సభల్లో అందరూ అనేదేగా!"

అప్పుడు మేమంతా ఎర్త్ వైరుతో మొదలుపెట్టి ఆయన చేసిన తప్పులన్నీ ఏ రోజుది ఆ రోజు అప్పజెప్పాం. వాటిని మేమే సరిచేస్తూ వచ్చామని తెలిసి ఆయన కూలబడ్డారు. తప్పు చేయడం కూడా మర్చిపోతున్నానని, మతిమరుపు జబ్బు మొదలైందని భయపడి ఇంటికి ఫోన్ చేసి భార్యతో డాక్టరు సంగతి మాట్లాడారట. పెళ్ళికూతురి కుర్చీలో ఉన్న పెద్దావిడ నవ్వు ఆపుకోలేకపోయారు. సర్టిఫికెట్లు అందరికీ వచ్చాయి. అంతా అయ్యాక కైకలూరు అన్నయ్య ముందుకొచ్చి వినయంగా అడిగారు. "మరి ఆ మంగళవారం రెండు చేశారు కదండీ, రెండోది కూడా కావాలనేనాండీ?" మేష్టారు పాత మేష్టారు అయిపోయి "మీకు కృతజ్ఞతలు చెబుతున్నాడు" అని ఇంగ్లీషులో అనేశారు. పొడుగాయన అన్నయ్య చూపించిన రెండు వేళ్ళకేసి చూసి, ఎర్రబడి, ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

నాన్నగారు మాట తప్పలేదు, టేకు బల్ల చేయించారు. ఇప్పటికీ దాని మీదే నా పని, నా భోజనం. బి.ఎడ్. తప్పించుకున్నాను గానీ పాఠం చెప్పడం తప్పించుకోలేకపోయాను, పని నేర్పమని పిల్లలు వస్తూనే ఉన్నారు. వాళ్ళకి మొదటిరోజే, మధ్యలో ఏ మేష్టారూ లేకుండా, శుద్ధ తెలుగులో చెబుతాను: "రోజుకో తప్పు కావాలనే చేస్తాను, మీరు పట్టుకోవాలి." మర్యాద లేని పిల్లలు కదా, ఎగబడి పట్టుకుంటారనుకున్నాను. తలలూపి "బాగుందండీ మేడంగారూ" అంటారు. విసిగి నా తప్పు నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

మొన్న పొద్దున అలాగే ఎర్త్ వైరు వదిలేసి, వాళ్ళు చెప్పక నేనే చెప్పి, చీవాట్లు పెట్టాను. మధ్యాహ్నం కాఫీకి లోపలికి వెళ్ళి వచ్చేసరికి పెంటపాడు నుంచి వచ్చే అమ్మాయి నేను బిగించిన మోటారు మూత గబగబా విప్పుతోంది. వెనక్కి తిప్పి పెట్టిన ఆయిల్ సీలు తీసి సరిగా పెడుతోంది. నన్ను చూసి ఉలిక్కిపడింది. ఈ మధ్య నా చూపు కాస్త మందగించింది, కళ్ళజోడు మార్చుకోవాలని అనుకుంటూనే ఉన్నాను.

"అది కావాలనే పెట్టానమ్మా," అన్నాను, "చూస్తారో లేదోనని."

"తెలుసండీ" అంది ఆ పిల్ల, ఎంతో మర్యాదగా.

పొడుగాయన ఎందుకు ఎర్రబడ్డారో, ఆ చెయ్యి అంతసేపు ఎందుకు వదల్లేదో నాకు ఇన్నేళ్ళకి తెలిసింది. నవ్వూ వచ్చింది, ఆయన్ని చూడాలనీ అనిపించింది. సీలు ఆ అమ్మాయి తిప్పిన వైపే ఉంచి మూత బిగించాను.