గడ్డి మిషన్‌లో ఏ నూనె?

మేము ఉప్పల్‌లో ఉన్న ఆ రోజుల్లో మగవాళ్లకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తప్పుగా తోచేది, అంతే. మా నాయిన హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో పనిచేసేవాడు. వాళ్లు వేలం వేసిన పెట్రోలుతో గడ్డి కోసే పాత మిషన్‌ను ఏదో ఏనుగును గెలిచినట్టు ఇంటికి తోలుకొచ్చాడు. (మా ఇంటి ముందరి గడ్డి రెండు మేకలకు ఒక పూట మేత. అమ్మ ఆ మాట అన్నందుకు నాయిన ఆమెతో కొన్నాళ్లు మాటలు బంద్ చేశాడు.) మిషన్ వచ్చింది గానీ అందులో ఇంజను నూనె లేదు. ఏ నూనె పోయాలన్న దగ్గర ఇల్లు రెండుగా చీలింది.

నాయిన నలభై నంబరు అన్నాడు. రైల్వేలో పనిచేసే మా చిన్నాయన ఇరవై అన్నాడు. (అంకె పెరిగినకొద్దీ నూనె చిక్కన.) "ఎండలు గిట్ల మండుతుంటే పల్చటిది పోస్తవా? నీళ్లయితదిరా!" అని నాయిన. "గంత చిక్కటిది పోస్తే చాలు చెయ్యనీకి తాడు గుంజి గుంజి చెయ్యి ఊడుతది అన్నా!" అని చిన్నాయన. గడపలో కూర్చున్న నానమ్మ, "జర ఆముదం పొయ్యిన్రిరా, పీడ పోతది" అంది.

నన్ను చూడటానికి పెళ్లివాళ్లు వచ్చే ఆదివారంలోపు గడ్డి కోయించాలని నాయిన పట్టుదల. ఆదివారం వచ్చింది, గడ్డి మోకాళ్లు దాటింది, నూనె మాత్రం తేలలేదు. వాళ్లు నారపల్లి నుంచి వచ్చి బస్సు దిగేసరికి అన్నదమ్ములిద్దరూ చెరో డబ్బా పట్టుకుని మిషన్‌కు అటొకరు ఇటొకరు నిలబడి ఉన్నారు. అబ్బాయికి నాచారంలో ఏదో ఇంజనీరింగు ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఇంకేం, దేవుడే పంపాడనుకుని, మంచినీళ్లయినా ఇవ్వకుండా ఇద్దరూ తమ తమ వాదన మొదట్నించీ వినిపించారు. నేను పట్టుచీరలో చెమటలు కక్కుతూ పరదా వెనక నిలబడ్డాను. చేతిలో చాయ్ చల్లారిపోయింది. పొద్దు గూకితే నారపల్లికి బస్సు లేదు. అబ్బాయి తల్లి మాటిమాటికీ వాకిలి వైపు చూస్తోంది. ఇక చూపులు లేనట్టేనని నాకు ఏడుపొచ్చింది. (పరదా సందులోంచి నేను అతన్ని చూసేశాను మరి. బాగున్నాడు.)

"చెప్పు బాబూ, నువ్వు మిషన్ల మనిషివి. నలభయ్యా, ఇరవయ్యా?" అన్నాడు నాయిన.

అతను రెండు డబ్బాలనూ చూసి, "నాకు తెల్వదు సార్" అన్నాడు.

మా ఇంట్లో మగవాడి నోట ఆ మాట వినడం అదే మొదలు. వాదించడానికి అందులో అంకే లేకపోయేసరికి ఇద్దరూ డబ్బాలు కింద పెట్టారు. అదే అదనని అమ్మ నన్ను ముందుకు తోసింది. చూపులయ్యాయి, వాళ్లకు బస్సూ దొరికింది.

వాళ్లటు పోగానే నాయిన ఇంతెత్తున లేచాడు. "ఫ్యాక్టరీల జేస్తడట, నూనె తెల్వదట! గిసొంటోనికి పిల్లనిస్తమా?" "వద్దన్నా" అన్నాడు చిన్నాయన. (వాళ్లిద్దరూ ఒక్కమాట మీదికి రావడం నేనెరిగి అదొక్కసారే, అదీ నా ప్రాణం మీదికి.) నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "నాకిష్టమే నాయినా" అన్నాను. "వాన్ల ఏం జూసినవే?" అన్నాడు. "తెల్వదని చెప్పిండు గదా. మనింట్ల గా మాట అన్నోడు ఇంకెవడున్నడు?" అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది. నాయిన విసురుగా పోయి రెండు డబ్బాలూ మిషన్‌లోనే ఒంపి తాడు లాగాడు. వాడకట్టంతా నీలం పొగ. ఆ పొగలో దగ్గుతూనే, "సరే తియ్, నీ ఇష్టం" అన్నాడు.

పెళ్లయ్యాక వచ్చిన ఎండాకాలంలో ఒకరోజు ఆయనకు అన్నం డబ్బా ఇవ్వడానికి నాచారం ఫ్యాక్టరీకి వెళ్లాను. ఆయన గేటు పక్కన గడ్డి మిషన్ ముందు గొంతుక్కూర్చుని మాలీకి చెబుతున్నారు: "ఎండాకాలం గద, ముప్పై నంబరే పొయ్యాలె. గీతదాక పోసి ఆపు, ఎక్కువైతే పొగనే." "తెల్వదంటిరి గదా!" అన్నాను.

"తెలుసు. ముప్పై అంటే మూడో లొల్లి మొదలవుతుండె. నిన్ను జూడకుంటనే బస్సెక్కి పోతుంటి" అన్నారు తాపీగా, చేతులు తుడుచుకుంటూ.

నిజం చెప్పే మనిషని ఏరికోరి చేసుకున్నాను. మా ఇంట్లో ఆయన పలికిన మొదటి మాటే అబద్ధం! ఇప్పటికీ కళ్లద్దాలు ఎక్కడ పెట్టారంటే "తెల్వదు" అంటారు, నాకు అనుమానమే. మగవాళ్లందరినీ చదివేశాననుకున్న ఆ పట్టుచీర పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. పాపం, దానికీ ఏమీ తెలియదు. అయినా మళ్లీ ఆ పరదా వెనక నిలబెడితే అది అతన్నే చేసుకుంటానంటుంది.