మా ఫిర్యాదు ఎవరు వినాలి

రుబ్బించుకోవడానికి మా ఇంటికి వచ్చే గిన్నెల మీద నేను చదువు నేర్చుకున్నాను. మద్రాసు తిరువొత్తియూరులో మా వీధి ఆడవాళ్ళు మధ్యాహ్నం నానిన బియ్యం, ఉద్దిపప్పు తెచ్చి మా వసారాలో పెట్టిపోయేవాళ్ళు. సాయంత్రం వచ్చి పిండి తీసుకుపోయేవాళ్ళు. స్టీలు గిన్నెల అంచున ఎవరి పేరు వాళ్ళు కొట్టించుకుని ఉంటారు. నాకు అక్షరాలు రావు కనుక సొట్టలను బట్టి గుర్తుపట్టేదాన్ని. ఒకరోజు పక్కింటి టీచరమ్మ పిండి ఇంకెవరికో ఇచ్చేశాను. ఆమె బడిలో పనిచేసి రిటైరైన మనిషి, మాలాగే తెలుగు ఇంటిది.

"పేరు గిన్నె మీదనే ఉంది గదమ్మా, చూసుకోకూడదా?" అంది.

సొట్ట చూసి ఇచ్చానన్నాను. ఆమెకు అర్థమైంది. మర్నాటి నుంచి గ్రైండరు తిరుగుతున్నంతసేపూ పక్కన కూర్చుని గిన్నెల మీది అరవ అక్షరాలు నేర్పింది. అవి వచ్చాక తెలుగు అక్షరాలు. అప్పటికే నేను అమ్మమ్మను.

మా ఆయన మనలిలో ఒక ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు పనిచేసి, ఊపిరితిత్తులు పాడై ఇంటిపట్టున పడ్డాడు. ముక్కుకు ట్యూబు పెట్టుకుని పగలూ రాత్రీ ఆక్సిజన్ మిషను పక్కనే ఉండాలి. లోపల గదిలో ఆ మిషను, బయట వసారాలో నా గ్రైండరు, రెండూ ఒకే మీటరు మీద నడిచేవి. అందులో తప్పుందని మాకు తెలియదు. మా వీధిలో సగం ఇళ్ళల్లో ఏదో ఒకటి చేసి అమ్ముకుంటారు.

రాయడం వచ్చిన కొత్తలో చేతులు ఊరుకోవు. అట్టపెట్టె మూత, పాల కవరు, ఏది దొరికితే దాని మీద రాసేదాన్ని. ఒకరోజు చెక్కపలకకు తెల్లరంగు పూసి, నల్లరంగుతో 'ఇక్కడ ఇడ్లీ పిండి రుబ్బి ఇస్తాము' అని అరవంలో రాసి వీధి గోడకు తగిలించాను. ఆయన మిషను ట్యూబు సాగినంత దూరం వచ్చి, తలుపులో నిలబడి చూశాడు.

"ఏమ్మే, ఈడ రుబ్బుతావని వీధిలో ఎవురికి తెలీదని రాసినావు?"

"ఎవురికో ఎందుకు? నేను చదువుకునేదానికి రాసుకున్నా."

"అయితే వంటింట్లో పెట్టుకో. రోజూ చదువుకోవచ్చు."

నవ్వితే ఆయనకు దగ్గొస్తుంది. ఆ రోజు దగ్గు వచ్చినా నవ్వాడు.

కొన్నాళ్ళకు కరెంటాఫీసు నుంచి తనిఖీకి వచ్చారు. వాళ్ళలో పెద్దాయన పలక ముందు ఆగాడు.

"ఎవరమ్మా రాసింది?"

"నేనేనయ్యా. ఈ మధ్యనే నేర్చుకున్నా" అన్నాను. బాగుంది అంటాడనుకున్నాను. ఆయన పలకను ఫోటో తీశాడు. గ్రైండరును తీశాడు. వరసగా పెట్టిన గిన్నెలను తీశాడు. నేను వాళ్ళకు మజ్జిగ ఇచ్చాను, తాగారు.

తర్వాత నోటీసు వచ్చింది. ఇంటి కరెంటును వ్యాపారానికి వాడుతున్నామట, జరిమానా కట్టాలట. అంత మా దగ్గర లేదు. గడువు దాటింది. లైన్ కోయడానికి వచ్చినవాళ్ళకు ఆయన మిషను చూపించాను. ఒకతను తల తిప్పుకుని, "ఆఫీసులో చెప్పుకోమ్మా, మాకు కోయమని చెప్పారు" అన్నాడు. నిచ్చెన వేసి కోసేశారు. మిషను చిన్నగా కూతపెట్టి ఆగిపోయింది. కరెంటు పోయినప్పటికని పెట్టుకున్న ఆక్సిజన్ సిలిండరు ఒకటి ఉంది గనుక అప్పటికి సరిపోయింది. అది అయిపోయేలోగా ఆయన్ను, మిషనును ఆటోలో గుమ్మిడిపూండిలో మా వదిన ఇంటికి చేర్చాను. ఆయన ఆటో ఎక్కుతూ, "కరెంటు రాంగానే ఫోన్ చెయ్. వచ్చేస్తా" అన్నాడు.

వదిన ఇంట్లో ఉండేది ఒక్క గది. ఇద్దరం పోయి పడలేము. పైగా ఆఫీసుల చుట్టూ తిరగడానికి ఒకరు ఈడ ఉండాలి. నేను ఉండిపోయాను. ఆయన లేని గదిలో చప్పుడు లేక నిద్రపట్టేది కాదు.

కరెంటు కంపెనీలోనే ఫిర్యాదులు వినే చోటు ఒకటి ఉందని టీచరమ్మ చెప్పింది. అర్జీ నేనే రాశాను, ఆమె తప్పులు దిద్దింది. జవాబు అరవంలో వచ్చింది. దాన్ని గుమ్మంలో కూర్చుని, ఎవరి సాయం లేకుండా, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాను. అనుమతి లేని వాడకం గురించిన ఫిర్యాదులు ఇక్కడ వినము అని ఉంది. చదవడం వచ్చినందుకు ఆ రోజు ఏడ్చాను.

జరిమానా మీద అప్పీలు వినే అధికారి వేరే ఉన్నాడు. పోయాము. ముందు జరిమానాలో సగం కడితేనే కాగితం తీసుకుంటామన్నారు.

మిగిలింది వినియోగదారుల కోర్టు. బిల్లు కట్టేవాళ్ళంతా వినియోగదారులే, కరెంటు కంపెనీ మీద కూడా ఆడ కేసు వేయొచ్చని టీచరమ్మ పేపర్లో చదివిందట. వేశాము. వాయిదాలు పడ్డాయి. ఫోన్ చేసినప్పుడల్లా ఆయన, "ఎప్పుడు రావాల?" అని అడిగేవాడు. "ఈ వాయిదా కానీ" అనేదాన్ని. వీధి వాళ్ళు గిన్నెలు పట్టుకుని వెనక సందులో కొత్తగా పెట్టిన గ్రైండరు కొట్టుకు పోవడం మొదలుపెట్టారు. నా వసారా ముందు నుంచే పోవాలి. తల వంచుకుని పోయేవాళ్ళు.

ఆఖరి వాయిదా నాడు కంపెనీ లాయరు నా పలక ఫోటో పైకెత్తి చూపించాడు. వ్యాపారానికి వాడుకున్నవాళ్ళు వినియోగదారులు కారన్నాడు. పైన కూర్చున్న అయ్య నెమ్మదస్తుడు. నన్ను పిలిచి అరవంలో విడమరిచి చెప్పాడు.

"అమ్మా, మీటరు తప్పుగా తిరిగిందనో, చెప్పకుండా లైన్ కోశారనో వచ్చి ఉంటే వినేవాణ్ణి. వాడకం తప్పని వేసిన జరిమానా వినే అధికారం ఈ కోర్టుకు లేదు."

"లైన్ కూడా కోశారు గదయ్యా? మా ఆయనకు ఊపిరి ఆడదయ్యా."

"ఆ జరిమానా కట్టలేదనే కదమ్మా కోశారు. అది వినలేనప్పుడు ఇదీ వినలేను."

"ఇంతసేపూ విన్నారు గదయ్యా."

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాతి కేసు పిలిచారు.

సాయంత్రం టీచరమ్మ ఇంట్లో ఫోనుకు ఛార్జి పెట్టి, ఆడనుంచే ఆయనకు చేశాను.

"ఏమన్నారు?"

"మేము వినేది కాదన్నారు."

"మరి ఎవురు వినేదంట?"

"సగం కడితే వినే ఆయన ఉన్నాడు గదా."

"ఓ. చెవులకు రేటు పెట్టినాడా." నవ్వబోయాడు, దగ్గు అందుకుంది. చాలాసేపటికి గాని తగ్గలేదు. వెనక మిషను గురగుర వినిపిస్తోంది. ఎప్పుడు రావాల అని అడుగుతాడని, ఏం చెప్పాలా అని వెతుక్కుంటున్నాను.

అడగలేదు.

"ఏమ్మే, ఈ పక్కకు ఎవురైనా వస్తుంటే నా మిగతా చొక్కాలు పంపించు" అన్నాడు. "ఆ ఉన్ని దుప్పటి కూడా."

దుప్పటి చలికాలానికి. ఇంకా ఎండలు తగ్గలేదు.

ఇంటికి వచ్చి కొవ్వొత్తి వెలిగించి, కొక్కేనికి వేలాడుతున్న చొక్కాలు తీశాను. ఎన్నూరు పొగగొట్టాల బూడిద కిటికీలోంచి వచ్చి భుజాల మీద పేరుకుని ఉంది. మాకు కోసేసిన కరెంటు అక్కడే పుడుతుంది. ఒక్కో చొక్కా వసారాలోకి తీసుకుపోయి, దులిపి, మడతపెట్టాను.