అడ్డం లేని ఫొటో

రాజమండ్రి స్టేషన్ బయట రంగులేసి నిలబెట్టిన పాత బొగ్గింజను ఒకటుంది. కాలువలు తవ్విన రోజుల్లో మట్టీ రాళ్లూ లాగిందని పక్కన బోర్డు మీద రాశారు. ద్రాక్షారామం బస్సుకి ఇంకా టైముందని ఫొటో తీయబోయాను. భుజాన తువ్వాలుతో ఒక పెద్దాయన చక్రం మీద చెయ్యి వేసి అడ్డంగా నిలబడి ఉన్నారు.

"కాస్త పక్కకి జరుగుతారా అండీ?" అన్నాను, విసుగ్గానే.

వెంటనే జరిగారు. "మా ముత్తాత ఈ బండికి మట్టెత్తినాయనేనండి" అన్నారు. "కాలువ తవ్వేటప్పుడు మధ్యలో ఓ మట్టి దిమ్మ తవ్వకుండా వదిలేసేవారంటండి. కూలీలు ఎంత లోతు తవ్వారో దాన్ని బట్టే కొలత. కొలిచేశాక ఆ దిమ్మనీ వాళ్లచేతే తవ్వించేసేవారు. ఇంక వాళ్లు తవ్వారనడానికి గుర్తేదండీ?"

"అలాగా అండీ" అన్నాను, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

బస్సు కాలువ గట్టు వెంట పోతుంటే ఫొటో చూసుకున్నాను. చక్రాలతో సహా ఇంజను మొత్తం వచ్చింది.

ఇప్పటికీ చూసినవాళ్లు ఫొటో బాగుందంటారు. అందులోంచి ఒక మనిషిని జరిపించానని ఎవరికీ చెప్పలేదు.