విస్తరి మీద నీడ

నిరుడు కార్తీకంలో మా బామ్మర్ది చుట్టాలందరినీ వనభోజనానికని పిలిచి పామాయిల్ తోటలో కూర్చోబెట్టాడు. దమ్మపేట దగ్గర అతని సొంత తోట. వనభోజనమంటే ఉసిరి చెట్టు కింద తినాలి. పామాయిల్ తోటలో ఉసిరి ఎక్కడిది? ఎక్కడో ఒక కొమ్మ నరుక్కొచ్చి, ఇసుక పోసిన బకెట్లో గుచ్చి, అదే చెట్టనుకోమన్నాడు. వడ్డనలు మొదలయ్యేసరికి కొమ్మ వాడిపోయి తల వేలాడేసింది.

"ఇది వనభోజనం కాదు, బకెట్ భోజనం" అన్నాను. ఉన్నమాటే అన్నాను.

"నచ్చకపోతే వచ్చే ఏడు నువ్వే పెట్టు బావా. నీకు మాటలు తప్ప ఇంకేమొస్తయో మేం గూడ చూస్తం" అన్నాడు.

పంక్తి పంక్తంతా నవ్వింది. నా భార్య కూడా నవ్వింది. పైగా నా దగ్గరికొచ్చేసరికి గారెల గిన్నె ఖాళీ. ఎవరెవరు ఏ వరుసలో కూర్చుని నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ రోజు నవ్వనిది మా అత్తమ్మ ఒక్కతే. ఆమెకొక పట్టింపు ఉంది. వనభోజనం రోజు పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు. ఉసిరి నీడలో కూర్చున్నాకే మొదటి ముద్ద. ఆ బకెట్ వంక ఒకసారి చూసి, అందరికీ వడ్డించి, తను తినకుండానే ఇంటికి పోయింది. కొడుకును మాత్రం ఒక్క మాట అనలేదు. అల్లుడు గుచ్చిన కొమ్మయితే ఊరంతా వినేది.

అందుకని ఈ ఏడు వనభోజనం నేనే నెత్తికెత్తుకున్నాను. అత్తమ్మ అసలైన ఉసిరి కింద కడుపు నిండా తినాలి, బామ్మర్ది పక్కన కూర్చుని చూడాలి. ఆమె మళ్లీ పస్తుంటే ఇక నా బతుకంతా బకెట్ పక్కనే.

ములకలపల్లి వైపు అడవి అంచున కొత్తగా పెద్ద పార్కు పెట్టారు. గుట్ట ఎక్కడానికి నడక దారి ఒకటి, సైకిళ్లకు వేరే దారి ఒకటి. వారం ముందే వెళ్లి గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగాను.

"లోపల ఉసిరి చెట్టున్నదా?"

"అవ్ సార్, ఉన్నది. గుట్ట మీద వ్యూ పాయింట్ కాడ. బోర్డు గూడ పెట్టిన్రు."

బోర్డు కూడా ఉందన్నాక ఇంకేం కావాలి? ఒకసారి ఎలాగూ ఎక్కాల్సిన గుట్టను రెండుసార్లు ఎందుకెక్కడమని అటు నుంచి అటే వచ్చేశాను. ఈ విషయం మీద తర్వాత అందరూ నన్ను తప్పుపట్టారు. గుట్టెక్కి చూసి రమ్మని ముందుగా ఒక్కరైనా అన్నారా?

అనుకున్న రోజు అందరం గేటు దగ్గర దిగాం. సైకిలెక్కి పాలు పోసేవాళ్లను చూశాను, బడికి పోయేవాళ్లను చూశాను. తొక్కడానికి సైకిల్‌ను కారు మీద కట్టుకుని తెచ్చేవాళ్లను అప్పుడే చూశాను. వాళ్లను చూడగానే బామ్మర్దికి హుషారు పుట్టింది. అక్కడే ఒక సైకిల్ కిరాయికి తీసుకున్నాడు. అంత లావు టైర్లున్న సైకిల్‌కు వెనక క్యారేజీ లేదు. పులిహోర సంచిని హ్యాండిల్‌కు తగిలించుకున్నాడు.

"మీరు మెల్లగ నడుసుకుంట రాండ్రి బావా. నేను జల్దీ పోయి నీ చెట్టు కింద చాప పరుస్త" అని బెల్లు కొట్టుకుంటూ పోయాడు.

గారెల డబ్బా నేనే పట్టుకున్నాను. ఈసారి దాన్ని ఎవరి చేతికీ ఇచ్చేది లేదు.

నడక దారి టేకు చెట్ల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ పోయింది. చదునుగా ఉన్నచోటల్లా బెంచీ వేశారు. నిటారుగా ఉన్నచోట ప్రకృతిని ప్రేమించమని బోర్డు పెట్టారు. నేను ప్రేమించే స్థితిలో లేను. అత్తమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని, పొలం గట్టు మీద పోయినట్టు ముందు పోతోంది. మలుపు దగ్గర ఆగి వెనక్కి చూసింది.

"గిట్ల రొప్పుతవని తెలిస్తే నీకు నా బిడ్డను ఇయ్యకపోదును అల్లుడా."

"డబ్బా బరువుంది అత్తమ్మా."

"గారెలకేం బరువయ్యా! డబ్బా నాకియ్యి."

ఇవ్వలేదు.

పైకి చేరేసరికి బామ్మర్ది సైకిల్‌ను బండకానించి, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"దా బావా దా! నీ చెట్టు దొరికింది. జర కింద జూసుకుంట రా, తొక్కేవు."

చుట్టూ వెదురు దడి. దడి ముందు నా ఛాతీ దాకా వచ్చే బోర్డు, దాని మీద ఉసిరి అని పెద్దక్షరాలు. దడి లోపల నా మోకాలి దాకా వచ్చే మొక్క.

"ఎంతెత్తున్నదని అడగలేదా?" అంది నా భార్య.

"ఉన్నదా అని అడిగిన. ఉన్నదన్నడు."

"బకెట్ తెమ్మంటవా బావా? బండిల ఉన్నది" అన్నాడు బామ్మర్ది. నిజంగానే తెచ్చి ఉంటాడు, అలాంటి మనిషి.

అందరూ నవ్వారు, అదే వరుసలో. ఎదురు మాట నాలుక చివర సిద్ధంగానే ఉంది. కానీ అత్తమ్మ వైపు చూసి డబ్బా కింద పెట్టేశాను. పొద్దుటి నుంచి ఖాళీ కడుపుతో ఈ గుట్టంతా ఎక్కిన మనిషి, కొంగుతో మొహం తుడుచుకుంటూ ఆ మొక్కనే చూస్తోంది.

దాని చుట్టూ ఒకసారి తిరిగింది. తలెత్తి పొద్దు చూసింది. దడి పక్కన చతికిలబడి నేల మీద విస్తరి పరిచింది. కొంచెం ఇటు లాగింది, కొంచెం అటు నెట్టింది. సన్నటి ఆకుల నీడ, జల్లెడ పట్టినట్టు, సరిగ్గా విస్తరి మీదికొచ్చింది.

"నా మీద పడకపోతేమాయె, ఇస్తరి మీద పడ్డది గద. వడ్డియ్యి అల్లుడా."

"గిదేం నీడనే అమ్మా? అరచెయ్యంత లేదు!" అన్నాడు బామ్మర్ది.

"నీ బకెట్ల కొమ్మకు వేర్లున్నయారా? దీనికున్నయి. నోర్మూసుకొని కూసో."

అతను కూర్చున్నాడు, కానీ టేకు చెట్టు కింద. ఉసిరి నీడలో ఒక్క విస్తరికే చోటు. నీడ జరిగినప్పుడల్లా అత్తమ్మ విస్తరి జరుపుకుంటూ తింది. పులిహోర అయ్యేసరికి జానెడు జరిగింది. గారె మళ్లీ అడిగి పెట్టించుకుంది. అందరికీ నేనే వడ్డించాను. బామ్మర్ది దగ్గరికొచ్చేసరికి డబ్బా ఖాళీ అయితే బాగుండునని చిన్న ఆశ. కాలేదు. నా భార్య తమ్ముడి కోసం ఎక్కువే వండింది.

అత్తమ్మ తాగగా మిగిలిన నీళ్లు మొక్కకు పోసి, కొడుకుతో కూడా పోయించింది. వచ్చే ఏడు కూడా ఇక్కడికేనని చెప్పి, ముందుగా దిగిపోయింది.

గేటు దగ్గర వాచ్‌మన్‌ను నిలదీశాను.

"చెట్టన్నవు గదయ్యా! మొక్క అనొద్దా?"

"ఉన్నదా అన్నరు, ఉన్నదన్న. ఎత్తు అడగలే గద సార్. వచ్చే ఏటికి నడుం దాక వస్తది, పూచీ నాది."

నడుము దాకా అన్నాడు. అతని నడుమో నా నడుమో అప్పుడే తేల్చుకున్నాను. నాదేనన్నాడు.