కిటికీకి అవతల అమ్మమ్మ

మా అమ్మ ఇల్లు ఊడవడం ఒక పూట మానుతుందేమో గానీ కిటికీ అద్దం మీద చార కనిపిస్తే మాత్రం ఊరుకోదు. ఇంటి మొత్తానికీ ఉన్నది ఒకే ఒక్క అద్దాల కిటికీ. కాలనీలో అందరూ చెక్క రెక్కలు పెట్టించుకుంటే ఈవిడ పంతం పట్టి అద్దాలు బిగించుకుంది. "మిరపకాయల ఊళ్లో అద్దాలెందుకమ్మా? పొద్దున తుడిస్తే సాయంత్రానికి ఎర్ర దుమ్మేగా!" అని ఎన్నిసార్లు అన్నానో. వింటేగా!

తొంభైల చివర్లో మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చాను. అద్దంకి వెళ్లే రోడ్డు పక్కన మా ఊరు. ఫిబ్రవరిలో పాప పుట్టింది. సరిగ్గా మిరప కల్లాలు ముమ్మరంగా ఉండే రోజులు. అమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని పొద్దస్తమానం కల్లంలో కూర్చుని, రంగు పోయి పాడైన తాలుకాయలు ఏరేది. ఆ ఘాటు చేతుల్లోకి ఇంకిపోతుంది. సబ్బుతో తోమినా, కొబ్బరినూనె రాసినా, మజ్జిగలో ముంచినా ఒక పట్టాన వదలదు. నా చిన్నప్పుడు కూడా అమ్మ నా బుగ్గను అరచేత్తో నిమిరిన గుర్తు లేదు. ముంజేతి వెనకవైపుతో నిమిరేది. అందరమ్మలూ అలాగే నిమురుతారనుకునేదాన్ని.

పని నుంచి రాగానే లోపలికి వచ్చేది కాదు. ఉయ్యాల కిటికీ పక్కనే కట్టాం. బయట నిలబడి, అద్దంలోంచి పిల్లను చూస్తూ, "ఒసే బంగారూ, అమ్మమ్మొచ్చిందే! చూడవే ఇటు!" అని ఒకటే కేకలు. అప్పుడు తెలిసింది నాకు, ఆవిడ అద్దం ఎవరి కోసం తళతళలాడాలో.

తర్వాత స్నానం చేసి, చేతులకు నూనె పట్టించి, చూపుడువేలు తన కంటి కొనకు తాకించుకునేది. మంట పుట్టేది. "ఇవాళ్టికీ ఎత్తుకునే రాత లేదులే" అనుకుంటూ దూరంగా కూర్చుని ఉయ్యాల తాడు ఊపేది. రెండు నెలలైనా మనవరాలిని ఒక్కసారీ ఎత్తుకోలేదు. మూడో నెలలో మా ఆయన వచ్చి మమ్మల్ని తీసుకెళ్లిపోతాడు. అప్పటికి కల్లాలు పూర్తి కావు.

"నాలుగు రోజులు పని మానేస్తే కొంప మునుగుతుందా?" అని ఒంటికాలి మీద లేచాను.

"సీజన్లో మానేస్తే మళ్లీ ఏడు నన్ను పనికి పిలవరే" అంది, అంతే.

ఈస్టరుకు ముందు రోజు, అమ్మ కల్లానికి వెళ్లాక, ఆవిడ వచ్చేసరికి అద్దం మెరిపిద్దామని నాకు బుద్ధి పుట్టింది. అమ్మ పద్ధతి నాకు తెలుసు. ముందు పొడిగుడ్డతో పైనుంచి కిందికి దుమ్ము దులపాలి. బోరు నీళ్లు తగలకూడదు, ఆరాక తెల్ల మరకలు కడతాయి. తాగే బిందెలోంచి ఒక్క చెంబు తీసుకోవాలి. చివర్లో పాత పేపరు ఉండచుట్టి నిలువుగా రుద్దాలి. ఇదంతా చాదస్తమనుకున్నాను. దండెం మీద చేతికందిన గుడ్డ లాగి, బోరు నీళ్లలో ముంచి, ఎడాపెడా రుద్దేశాను. రుద్దేకొద్దీ ఎర్రెర్రగా చారలు. ఇంతలో పిల్ల ఏడ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని ఎత్తుకున్నాను, కంటి కొనలో పుసి ఉంటే వేలితో తీశాను.

అమ్మో, పిల్ల ఒక్కసారిగా కెవ్వుమంది. అద్దం మీది దుమ్మూ మిరప దుమ్మే, నేను లాగిన గుడ్డా అమ్మ నిన్న కల్లంలో ముక్కుకు కట్టుకున్నదే!

సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది. కిటికీ కింద నేను పడేసిన గుడ్డ చూసింది, లోపలికి రాలేదు. చారల అద్దంలోంచి ఆవిడ మొహం కనపడలేదు గానీ గొంతు మాత్రం వీధంతా వినిపించింది. "చేతులు పెట్టమాకే! ముందు నూనె రాసి సబ్బుతో కడుక్కో! మెత్తటి గుడ్డ మంచినీళ్లలో ముంచి కంట్లో పిండు! ఇంకా పిండు!" ఆవిడ చెప్పినట్టల్లా చేశాను. కాసేపటికి పిల్ల తేరుకుని పాలు తాగింది. బయట అమ్మ గోడకానుకుని కూలబడి, "నా గుడ్డే, నా పాపిష్టి గుడ్డే" అంటూ ఏడ్చింది.

ఆ రోజు నుంచి ఉయ్యాల తాడు కూడా ముట్టుకోలేదు. తెల్లవారకముందే లేచి అద్దం మాత్రం తుడిచేది. అసలక్కడ అద్దం ఉందా అన్నట్టు ఉండేది.

మేం బయల్దేరే రోజు రానే వచ్చింది. సామాను ఆటోలో పెట్టిస్తూ మా ఆయన వీధిలో ఉన్నాడు. అమ్మ ఆ పూట పనికి పోలేదు. అయినా వేలు కంటికి తాకించుకుని, "ఇంకా ఉందే కొంచెం" అని కిటికీ వైపు నడిచింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎక్కడికమ్మా మళ్లీ ఆ అద్దం దగ్గరికి? ఇన్నేళ్లు మిరపకాయలు ఏరావు, ఎవరి కంట్లోనైనా మంట పెట్టావా? ఒక్కరోజు అద్దం తుడిచి నేను పెట్టాను. కూర్చో ఇక్కడ!"

పాప గుడ్డల్లోంచి ఉతికిన మెత్తటి తెల్ల లంగోటీలు రెండు తీసి, అమ్మ రెండు చేతులకూ మణికట్టు దాకా చుట్టి ముడేశాను. ఈ ముక్క రెండు నెలల కిందటే తట్టి ఉండకూడదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. "ఇదేం వేషమే, పిచ్చిమొహమా!" అంటూనే కదలకుండా కూర్చుంది. పిల్లను ఒళ్లో పెట్టాను.

అమ్మ కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. చేతులు ఖాళీ లేవు, తుడుచుకోలేదు. నేను వెళ్లి నూనె రాసి, సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని వచ్చాను. ముందు వేలు నా కంటికి తాకించి చూసుకుని, ఆ తర్వాత అమ్మ కళ్లు తుడిచాను.