రక్తం ఏ ఊరిది

నా భార్య పోయిన నెల శ్రీకాకుళంలో, డయాలసిస్ మంచం మీదే పోయింది. ఆవిడని ఎరిగిన చాలామందికి కబురు అందలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఒక మెడికల్ కాలేజీ లైబ్రరీలో పనిచేసేది. మన దేశంలోనూ, శ్రీలంక, నేపాల్, బంగ్లాదేశ్‌లలోనూ కిడ్నీ జబ్బుల మీద ఎంత పరిశోధన జరుగుతోందో పోల్చి చూడటం ఆవిడ పీహెచ్‌డీ. పరిశోధన పత్రాలు లెక్కపెట్టాలి. రాసినవారి చిరునామా ఏ దేశానిదైతే పత్రం ఆ దేశానిది. అందరూ పాటించే పద్ధతి అదే.

ఆవిడ చిరునామా దగ్గర ఆగేది కాదు. మొత్తం చదివి, రక్తం ఎవరి దగ్గర తీశారో వెతికేది. లంకలో వరి రైతుల రక్తం ఏ యూరప్ దేశం లెక్కలోనో పడేది. శ్రీకాకుళం జిల్లాలో మా కోటబొమ్మాళి వైపు మనుషుల రక్తం ఏ పరాయిదేశపు మహానగరం లెక్కలోనో.

"జబ్బు మనది, లెక్క ఆళ్ళది బావా" అనేది, పప్పుకి పోపు పెడుతూ. అప్పటికి తనకీ జబ్బుందని తెలియదు.

పట్టికలో రోగుల ఊరికని ఒక గడి కలిపింది. గైడు తీసేయమన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఆ గడి ఉంటే మిగతావారి లెక్కలతో పోల్చలేమన్నారు. అదీ నిజమే. ఈలోగా ఆవిడ కాళ్ళు వాచాయి, తనకీ కిడ్నీ జబ్బేనని తేలింది. ఆయన మాట వినమని, డిగ్రీ చేతికొస్తుందని నేనూ చెప్పాను.

"తియ్యను బావా. తీసేస్తే మరి నాను ఏ ఊరిదాన్ని?"

డిగ్రీ రాలేదు.

డయాలసిస్ గదిలో అందరినీ ఊరి పేరుతోనే పిలిచేది. "ఏటి పాతపట్నం మావా, నీళ్ళు తెగ తాగీసినావేటి, మొకం ఉబ్బిపోనాది" అంటే, పక్క మంచం ముసలాయన "నువ్వు తాగనట్టు సెప్తన్నావు" అని నవ్వేవాడు. కొన్నాళ్ళకి ఆ మంచం మీదికి సాలూరు నుంచి ఇంకొకావిడ వచ్చింది.

చివరి రోజుల్లో ఒక కుర్ర డాక్టరు పరిశోధనకి రక్తం అడిగాడు. ఒప్పుకుంది. ట్యూబు మీద నంబరు చీటీ అంటిస్తుంటే అడిగింది.

"ఊరు రాయవా బాబూ?"

పేర్లూ ఊళ్ళూ రాయకూడదమ్మా, నంబరు చాలు, అన్నాడతను.

"పేరొద్దులే. జిల్లా రాయి."

అతను నా వైపు చూశాడు. తర్వాత పెన్ను ఆవిడకే ఇచ్చాడు. పెద్ద పెద్ద అక్షరాలతో మొదలుపెట్టింది. 'శ్రీకా' దాకా వచ్చేసరికి చీటీ అయిపోయింది. మిగతాది గాజు మీద రాసింది, అంటలేదు.

అతను ట్యూబుని ఐసుపెట్టెలో పెట్టాడు. మూత వేసేలోగా దాని చుట్టూ మంచుపొగ కమ్మింది. ట్యూబు ఇంకా వెచ్చగా ఉన్నట్టుంది.