సస్మితకు పలకని ‘వ’

ఒడిశాలోని బరంపురంలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నప్పటి మాట. మాది దగ్గర్లోని సముద్రపు ఒడ్డు ఊరు సోనేపూర్, చేపలు పట్టే తెలుగు కుటుంబం. కాలేజీ వార్షికోత్సవంలో ఇంగ్లీషు వ్యాఖ్యానం చెప్పే అవకాశం కోసం నేనూ, నా స్నేహితురాలు సస్మితా పోటీపడ్డాం.

ముందు నన్నే పిలిచారు. ‘ఎవ్రీబడీ’ అనాల్సింది ‘యెవ్రీబడీ’ అన్నాను. హాలంతా నవ్వింది. “తెలుగు ఇంగ్లీషు” అన్నారెవరో. మిగతాది చెప్పకుండానే వేదిక దిగిపోయాను.

తర్వాత సస్మిత ‘వెరీ’ అనాల్సిన చోటల్లా ‘బెరీ’ అంది. ఒక్కరూ నవ్వలేదు. సస్మితలాగే అక్కడ దాదాపు అందరి ఇళ్లలోనూ ఒడియానే, ‘వ’ని వాళ్లూ ‘బ’ అనే పలుకుతారు. అవకాశం ఆమెకే దక్కింది. చప్పట్లు మోగుతుండగానే బయటికి వచ్చేశాను. తప్పు పలికినా ఎవరికీ వినబడని అదృష్టం నాకెందుకు లేదు?

మెట్ల మీద కూర్చుంటే సస్మిత వచ్చి పక్కన చేరింది. మా తెలుగు పిల్లలతో తిరిగి తెలుగు బాగానే పట్టుకుంది.

“నీకు ‘బ’ ఎంత సక్కగా బస్తాదే. నాకెంత అన్నా రాదు. ఎలాగో సెప్పబా?” అంది, ‘వ’ని ‘బ’ అంటూనే.

“కింది పెదవి మీద పళ్లు ఆనించి సెప్పు” అన్నాను.

కాసేపటికి ‘వెరీ’ అని స్పష్టంగా పలికి నన్ను వాటేసుకుంది. ఇక ఆమెకి ఆ లోటు కూడా లేదే అని మళ్లీ కుళ్లుకున్నాను.

నవ్వినవాళ్లను ఎప్పుడో మరిచిపోయాను. రాదని ఒప్పుకుని అడిగేసిన సస్మిత ధైర్యం మీద మాత్రం నాకు ఇప్పటికీ అసూయే.